చీపుళ్లతో తవ్విన రోడ్డు

రక్తపు మరక మీద తారు పోయమన్నాడు మేస్త్రి.

"చూస్తారేం? రేపు పెద్దాఫీసర్లు వస్తున్నారు. వాళ్ల కారు కుదుపు లేకుండా పోవాలి. కానివ్వండి!"

వదిన చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. రోడ్డు పనివాళ్లందరికీ ఆమె వదినే. వరసకు నిజంగా అలా పిలవాల్సినవాడు మాత్రం తారు డబ్బాలు మోసే మరిది ఒక్కడే. నిన్న పని దిగి సైకిలు మీద ఇంటికి వెళుతూ ఈ గుంటలోనే పడ్డాడు. వెనకొస్తున్న లారీకి ఆగే వ్యవధి లేకపోయింది.

కాంట్రాక్టరు అప్పుడే తీర్పు చెప్పేశాడు. తాగి పడ్డాడట! మందు వాసన తగిలితే లేచి అవతల కూర్చునే మనిషి. పోలీసులూ ఆ మాటే రాసుకున్నారు. రేపు అధికారులు వచ్చి రోడ్డు భేషుగ్గా ఉందని చెప్పి వెళ్లారంటే ఇక అదే ఖాయం: రోడ్డు మంచిది, మనిషే చెడ్డవాడు. చచ్చినవాడు ఎలాగూ నోరు విప్పడు.

వదిన అలవాటు కొద్దీ వంగి గుంటలో దుమ్ము ఊడ్వబోయింది.

"ఊడ్చొద్దన్నానా! ఊడ్చుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుంది? గుంటల్ని దుమ్ముతోనే పూడ్చి మీద పలచగా పోసెయ్యండి. నల్లగా కనిపిస్తే చాలు," అని కసిరాడు మేస్త్రి.

దుమ్ము మీద తారు పట్టదని ఆ పనివాళ్లలో తెలియనివాళ్లు లేరు. ఊడ్చి, రాయి బయటపడ్డాక పోస్తేనే నిలుస్తుంది. తెలిసీ పోశారు. పొద్దుటి నుంచీ అన్ని గుంటల మీదా అలాగే పోశారు, ఆ మరక మీదా పోశారు. పాపిష్టి పొట్ట ఏ పనైనా చేయిస్తుంది. వదినకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం రేకుల షెడ్డులో అన్నం క్యారియర్లు తెరిచారు గాని ఎవరికీ ముద్ద దిగలేదు.

"రేపు ఆఫీసర్లకు చూపిద్దాం," అంది వదిన.

"ఏం చూపిస్తావ్? పోసింది మనమే. మన మెడకే చుట్టుకుంటుంది," అన్నాడు తారు కాచే తాత.

"చుట్టుకోనీ తాతా. మన చేతులతో పోసింది మన చేతులతోనే తీద్దాం."

"గడ్డపారలు పడితే గూండాలంటారమ్మా."

"గడ్డపారెందుకు? చీపురు చాలు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కంకర మోసే పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వు షెడ్డంతా పాకింది. అది ఆగాక భయం మొదలైంది.

"పని పోతే?" అంది ఆ పిల్లే. "చంటిదాన్ని పెట్టుకుని ఎక్కడికి పోను వదినా?"

"పని ఉండీ నా మరిది పోయాడు కదే! మీ ఆయన వచ్చేదీ ఈ దారినే. ఆయన పడినా తాగాడనే అంటారు."

తాత క్యారియరు మూత పెట్టేసి, "నాకూ ఓ చీపురు చూడండి," అన్నాడు.

మర్నాడు రోడ్డు నిగనిగలాడుతోంది. అధికారుల కారు కోసం ఇన్‌స్పెక్టరూ పోలీసులూ బస్సులనూ లారీలనూ ఆపేశారు. ఎదురుకోలుకు ముందు కాంట్రాక్టరు, పక్కన మేస్త్రి, ఇద్దరి మొహాల్లోనూ పెళ్లికళ. కారు దగ్గరికొచ్చేసరికి రోడ్డు పనివాళ్లు వరసగా దిగి ఊడ్వడం మొదలుపెట్టారు.

"ఇప్పుడు ఊడుస్తారేం!" అంటూ మేస్త్రి చేతులు అడ్డం పెట్టాడు.

పుండు మీది పెచ్చు లేచినట్టు తారు లేచిపోయింది. గుంట నోరు తెరిచింది. అంచు రాయి మీద మరక ఇంకా ఉంది.

"అయ్యా, దిగి చూడండి," అంది వదిన. చీపురుతో మరక చూపించింది. "మా మరిదిని మింగింది ఇదే."

అధికారులు కారు అద్దాలు ఎత్తుకున్నారు. లారీ డ్రైవరొకడు తలగుడ్డ విప్పి పక్క గుంట మీద విదిలించి కొట్టాడు. బస్సులోని జనం దిగి కొమ్మలు విరిచి ఊడ్వసాగారు. కనుచూపు మేర గుంటలు బయటపడుతూ పోయాయి.

"ప్రభుత్వ రోడ్డును ధ్వంసం చేశావ్. పద," అన్నాడు ఇన్‌స్పెక్టరు వదినతో.

"దేంతో సార్?" అని అరిచాడు లారీ డ్రైవరు.

ఇన్‌స్పెక్టరు చీపురు వంక చూశాడు. ఆమెతో పాటు చీపుర్ని కూడా వ్యానెక్కించాడు.

వ్యాను నాలుగు బారలు పోయిందో లేదో దభీమని గుంటలో కూలబడింది. చక్రం తిరుగుతోంది గాని బండి కదలదు.

"చూస్తారేంరా, తోయండి!" అని జనం మీద అరిచాడు ఇన్‌స్పెక్టరు.

ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అందరూ నిలబడి చూస్తున్నారు. లోపల్నుంచి వదిన కిటికీ జాలీ పట్టుకుని, అందరికీ వినబడేలా అడిగింది.

"ఏం బాబూ డ్రైవరూ, తాగావా?"

పోలీసు డ్రైవరు తల దించుకున్నాడు. అతనూ రోజూ ఈ దారిన ఇంటికి వెళ్లేవాడే.

"లేదమ్మా," అన్నాడు. "గుంట."

"విన్నారా!" తాత చీపురు పైకెత్తాడు. "ఇంకోసారి చెప్పండర్రా!"

"తాగలేదు! గుంట!" జనం ఒక్క గొంతుతో అరిచారు. ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపుతూ మళ్లీ తోయమన్నాడు. కంకర మోసే పిల్ల అతన్ని దాటుకుని ముందుకు నడిచింది. ఆమె వెనకే అందరూ కదిలారు, మిగిలిన రోడ్డు ఊడ్వడానికి.