గడియారం నడక

అందరూ గడియారమని పిలిచే పెద్దాయన, మందు కొట్టే ట్యాంకులో మంచినీళ్లు నింపి మరోసారి గిలకరించాడు. కలుపు మందు వాసన పోలేదు. ఇన్నేళ్లుగా ఆయన చొక్కాకే పోలేదు, ట్యాంకుకేం పోతుంది!

ఆ పేరు తోటి కూలీలు పెట్టిందే. ట్యాంకు వీపున తగిలించుకుని పరిశోధన క్షేత్రంలోని గోధుమ మడుల్లో నడిచాడంటే అడుగు తేడా వచ్చేది కాదు. ఏ రకం గోధుమ కలుపు మందును తట్టుకుంటుందో, ఏది మాడిపోతుందో తేలాలంటే అన్ని మడులకూ మందు సమానంగా పడాలి. నడక మందగిస్తే మందు ఎక్కువ పడుతుంది. అక్కడి పరిశోధనంతా ఆయన కాళ్ల మీదే ఆధారపడింది. గడియారానికీ కీ అయిపోతుందని ఎవరికి తోస్తుంది?

పొద్దున భార్య అననే అంది. "గుమ్మం దాటేసరికే ఆయాసపడుతున్నావు కదయ్యా. ఆస్పత్రికి పోదాం పద."

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అన్నాడు. పచ్చి అబద్ధం.

ట్యాంకు పట్టుకుని, రెండు వారాల కిందట ఆఖరున మందు కొట్టిన మడి దగ్గరికి వెళ్లాడు. పోయినేడు ఇదే మందుకు నిక్కి నిలబడిన రకం, ఇప్పుడు ఆకులు పసుపుపచ్చగా మారి వేలాడుతోంది. పరిశోధకురాలు మోకాళ్ల మీద కూర్చుని ఆకులు తిరగేసి చూస్తోంది.

"ఇది తట్టుకోలేదు పెద్దాయనా. నిన్ననే పై అధికారులకు రాసేశాను. ఇక దీన్ని విత్తం."

"పాపం, దాని తప్పేం లేదమ్మా. ఆఖరికొచ్చేసరికి నాకే కాళ్లు సాగలేదు. ఈడ్చుకుంటూ కొట్టాను."

"ఊరుకోండి! మీ నడకను కూడా నమ్మకపోతే ఇంకేం నమ్మను?" అని నవ్వేసింది.

నిజమాడితే నిష్ఠూరమంటారు. ఆయనకు నవ్వు దక్కింది. మంచినీళ్ల ట్యాంకు వీపుకెత్తుకున్నాడు. "మీ వాచీ చూసుకోండమ్మా" అని, మందు కొట్టినట్టే నీళ్లు కొడుతూ ఆ మడిలోకి దిగాడు.

సగం దూరం కూడా పోకముందే ఊపిరి అందలేదు. ఆగాడు. ఆగినచోట మొక్కలు తడిసి ముద్దయ్యాయి. ఆమె వాచీ మీంచి తలెత్తింది. మొహంలో నవ్వు లేదు.

"చాలు, వచ్చేయండి. నమ్మాను."

"అయితే రాసింది మార్చండమ్మా."

"మారిస్తే ఈ ఒక్క మడే కాదు, అన్నీ చెల్లవంటారు. ఏడాది పనంతా పోతుంది. నన్నేం చేయమంటారు?"

ఆయన తలూపాడు. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? ట్యాంకుతోనే గట్టున చతికిలబడి, తాగడానికి నీళ్లడిగాడు. ఆమె పరుగున తెచ్చేసరికి ఆయన తల వాలిపోయి ఉంది. ఎంత పిలిచినా పలకలేదు.

కబురందుకుని భార్య వచ్చింది. చొక్కా గుండీలు సరిచేస్తూ, "పొద్దున్నే పోదామన్నాను కదయ్యా" అంది. మళ్లీ మళ్లీ అదే మాట.

ఆయన్ని తీసుకుపోయారు. వీపునుంచి విప్పిన ట్యాంకు గట్టు మీదే ఉండిపోయింది. దాని గొట్టం కొసనుంచి మంచినీళ్లు ఆ పసుపుపచ్చ మొక్కల మొదట్లో చుక్క చుక్కగా పడుతూనే ఉన్నాయి.