మధ్యలో మనిషి

సోమవారం ఉదయం నేను ఆఫీసుకు వెళ్లేసరికి నా గొంతు నాకంటే ముందే వచ్చి నా కుర్చీలో కూర్చుని ఉంది. హెడ్‌సెట్ పెట్టుకుని రైతులతో మాట్లాడుతోంది. ఇదేమిటని అడగబోతే నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

మాది గుంటూరులో పురుగుమందుల కంపెనీ. రైతులు ఫోన్ చేస్తే ఏ మందు ఎంత కొట్టాలో చెప్పడం నా పని. నా పేరు తాయారు. నా పాత కాల్స్ అన్నీ మెషిన్‌కి వినిపించి ఈ గొంతును తయారుచేశారని, దానికి సెలవులతో పనిలేదని పక్క సీట్లో ఆవిడ చెబుతుంది. నన్నెవరూ అడగలేదు.

నన్ను మీటింగ్ హాల్లోకి పిలుస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిన నిఖిల్ డైరెక్టర్లకు ఏఐ పాఠం చెబుతున్నాడు. వాళ్లు తలూపినప్పుడల్లా హాలు కాస్త పొడవవుతోంది. ఆ చివర ఎండీ శేషగిరిరావు గారు ఇప్పటికే అగ్గిపుల్లంత కనిపిస్తున్నారు.

"దానికి విషయం తెలియదండీ," అంటున్నాడు నిఖిల్. "ఒక మాట పక్కన ఏ మాట నప్పుతుందో చూసి చెబుతుంది. ఒక్కోసారి కల్పించేస్తుంది. అందుకే సరిచూడటానికి మధ్యలో ఓ మనిషి ఉండాలి."

డైరెక్టర్లు సుద్దముక్కతో బల్ల మీద గుండ్రంగా గీసి, నన్ను ఎక్కించి మధ్యలో కూర్చోబెడతారు. నేను ఏమీ చేయక్కర్లేదట, కనిపిస్తే చాలట. ఒళ్లు మండిపోతోంది. అరవడానికి గొంతు లేదు.

అప్పుడు తలుపు తోసుకుని సీతారావమ్మ వస్తుంది. సత్తెనపల్లి దగ్గర కౌలుకు మిరప వేస్తుంది. నాకు ఫోన్లోనే పరిచయం, అయినా చూడగానే ఒకరినొకరం గుర్తుపడతాం. చంకలో తన చేనును దుప్పటిలా మడిచి తెచ్చుకుంది. దాన్ని హాల్లో పరుస్తుంది. సాళ్లన్నీ మాడి నల్లగా ఉన్నాయి. డైరెక్టర్లు ప్యాంట్లు పైకి లాక్కుంటారు.

"లీటరుకి మూడు మూతలు కొట్టమని నువ్వే చెప్పావు గదమ్మా," అంటుంది నాతో. "నీ గొంతని నమ్మా."

నేను చెప్పలేదు. అది చెప్పడానికీ గొంతు లేదు.

నా గొంతును పిలిపిస్తారు. అది మర్యాదగా క్షమాపణ చెప్పి, ఈసారి ఐదు మూతలు కొట్టమంటుంది. అంతే తీయగా, అంతే ధీమాగా.

తెలియనప్పుడు నేను "నాకు తెలియదమ్మా, కనుక్కుని చెబుతా" అనేదాన్ని. ఆ మాట ఎక్కడికి పోయిందో నిఖిల్ తనంతట తనే వివరిస్తాడు. కస్టమర్లకు నచ్చదని నా కాల్స్‌లోంచి ఆ ముక్కలన్నీ ముందే కోసి పారేశారట. పాఠంలో అది మంచి ఉదాహరణట. డైరెక్టర్లు తలూపుతారు. హాలు మళ్లీ సాగుతుంది.

సీతారావమ్మ నా నోటి వంక చాలాసేపు చూస్తుంది. ఆమెకు అర్థమవుతుంది. తన గొంతును జొన్నరొట్టెలా మధ్యకు తుంచి సగం నా చేతిలో పెడుతుంది. "మాట్లాడు," అంటుంది, మిగిలిన సగంతో.

నోట్లో పెట్టుకుంటాను. గరుగ్గా, మందువాసనతో ఉంది.

"నేను చెప్పలేదు," అంటాను.

"కానీ మధ్యలో ఉన్నది నువ్వేగా," అంటారు ఎండీ గారు అంత దూరం నుంచి. "తప్పు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదమ్మా."

"కూర్చోనివ్వండి సార్. మీరే మధ్యలోకి రండి."

బల్ల దిగి, సుద్దగీతను గాజులా చేతికి తొడుక్కుని, హాలు పొడవునా నడుస్తాను. దగ్గరకు వెళ్లినా ఆయన అగ్గిపుల్లంతే ఉన్నారు. గీతను ఆయన చుట్టూ పెడతాను. ఆయన దాటబోయినప్పుడల్లా అది ఆయనతోపాటే జరుగుతోంది. నిఖిల్ పాఠం ఆపేస్తాడు. ఎవరూ తలూపడం లేదు.

నా కోపం మాత్రం తగ్గడం లేదు. చేను మాడే ఉంది.

సీతారావమ్మా నేనూ సాళ్ల వెంట పోతాం. గోడలు ఎప్పుడో అయిపోయాయి. మోకాలెత్తు మొక్కల దగ్గర ఆమె వంగి, మాడిన ఆకులను పక్కకు తీస్తుంది. కింద మిరపకాయలకు బదులు ఎర్రగా, లేతగా మనుషుల చెవులు కాసి ఉన్నాయి. కోయబోతుంటే వెచ్చగా తగులుతున్నాయి. గాలి లేదు. అయినా చేలో ఉన్న చెవులన్నీ మెల్లగా కంపెనీ వైపు తిరుగుతున్నాయి.