తలుపు మీద పేరు

మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కోగానే తమిళనాట ఆ తెలుగువాళ్ళ ఊరి బళ్ళో నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు ఇంటిదారి పట్టేవాళ్ళు. మళ్ళీ మర్నాడే రావడం. విరుదునగర్ నుంచి రోజూ రెండు బస్సులు మారి, మిరపచేల మధ్య బాటన నడిచి వచ్చే సంగవి టీచరుకు కారణం కనిపెట్టడానికి కొన్నాళ్ళు పట్టింది. అడిగితే పిల్లలు నేలచూపులు చూసేవాళ్ళు. చివరికి తనే ఒకరోజు బడి వెనక్కి వెళ్ళి చూసింది. మరుగుదొడ్డి ఉంది. గోడలు ఉన్నాయి, పైకప్పు ఉంది. తలుపు మాత్రం ఏనాటి గాలివానకో ఎగిరిపోయింది. మగపిల్లలకు సర్కారు తుమ్మల చాటుంది. ఆడపిల్లలకు ఇల్లే దిక్కు.

చదివించే గంట మధ్యాహ్నమే, ఆ వేళకు వాళ్ళు ఉండరు. అందుకని పై ఆఫీసు వాళ్ళు వచ్చి పిల్లల చేత చదివించి చూసినప్పుడల్లా పంచాయతీ యూనియన్‌లోని బళ్ళన్నిటిలో ఆ బడిదే ఆఖరి స్థానం. ఇలాగే ఉంటే రోడ్డు మీది బడిలో కలిపేస్తామన్నారు. సంగవి ఫోను చేసి తలుపు అడిగితే అవతల పెద్దమనిషి విసుక్కున్నాడు.

"ముందు ఫలితాలు చూపించండి, తర్వాత నిధులు అడగండి. తలుపుకీ చదువుకీ ఏమిటమ్మా సంబంధం?"

సంబంధం చెప్పేలోపే ఆయన ఫోను పెట్టేశాడు.

బడి పోతుందని తెలిసి ఊరు కదిలింది. ఆడపిల్లకు మేనమామలు మేళతాళాలతో సారె తెచ్చినట్టు, ఆ వైపు ఊళ్ళు బడికీ సారె తెస్తాయి. ఊరిపెద్ద వెంకటసామి నలుగురినీ కూర్చోబెట్టి సంగవిని పిలిపించాడు.

"టీచరమ్మా, మన పళ్ళికూడానికి ఏమి కావాల? సిగ్గుపడకుండా అడగండ."

"మరుగుదొడ్డికి తలుపు కావాలండి," అంది సంగవి.

ఒకాయన మబ్బు పట్టిందేమోనని ఆకాశం చూశాడు. ఇంకొకాయనకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. సంగవికి విషయం తర్వాత తెలిసింది. ఆ ఊళ్ళో ఎవరేది ఇచ్చినా దాని మీద కానుక అనే అర్థంలో 'ఉభయం' అని ఇచ్చినవాళ్ళ పేరు రాయిస్తారు. అమ్మవారి గుడిలో ఫ్యాను ఆగితే చాలు, రెక్కల మీద ఒక వంశమంతా చదువుకోవచ్చు. తాత పేరూ తండ్రి పేరూ తీసుకెళ్ళి కక్కసు తలుపు మీద ఎవరు రాయించుకుంటారు?

సారె రానే వచ్చింది. ముందు మేళం, వెనక పళ్ళు, పసుపు పళ్ళేలు పట్టుకున్న ఆడవాళ్ళు. ఆ వెనక గోడగడియారాలు, ఫ్యాన్లు, కుర్చీలు, మళ్ళీ గడియారాలు. ప్రతిదాని మీదా ఎర్రరంగు పేర్లు. తలుపు లేదు.

సారె అందుకునే ఇంటివాళ్ళు వంక పెట్టకూడదు. సంగవి అన్నిటికీ దణ్ణం పెట్టి తీసుకుంది. నాలుగు మాటలు మాట్లాడమని మైకు చేతికిస్తే ఆమె గడియారాల వైపు చెయ్యి చూపించింది.

"ఇన్ని గడియారాలు ఇచ్చారు, సంతోషమండి. అయితే మధ్యాహ్నం గంట చూసుకోవడానికి ఆడపిల్లలు ఇక్కడ ఉండరు. తలుపు లేదని ఇంటికి పోతారు. ఆ గంటలోనే చదివిస్తాను. వాళ్ళకు చదువు రాకపోతే ఈ బడి ఉండదు."

పళ్ళెం దించి కూర్చున్న పొన్నమ్మాళ్ చటుక్కున లేచింది. వెంకటసామికి అక్క. ఆవిడ మనవరాలు అభినయ అయిదో తరగతి.

"ఏమే అభినయా, దీనికా నువ్వు మద్యాన్నం ఇంటికి వచ్చేది? ఆడపిల్లోళ్ళకు సగం పొద్దే పళ్ళికూడం అనుకొంటినే నేను!"

అభినయ స్నేహితురాలి వీపు వెనక దాక్కుంది.

"తలుపు నాది," అంది పొన్నమ్మాళ్. "నా పేరే రాయండ. రొంబ పెద్దగా రాయండ."

వెంకటసామి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, కక్కసు మీద పేరా? ఊరు నగుతాది."

"నగనీరా తమ్ముడా. నువ్వు దినమూ పోవా ఆ తావుకు? నీ ఫ్యాను తిరిగితే నీ పేరు ఎవురికి కనపడతాది? నా పేరు కదలకుండా నిలిచి ఉంటాది. పిల్లోళ్ళు పరిగెత్తుకోని వస్తారు దాని కాడికి."

మేళం వాళ్ళతో సహా అందరూ నవ్వారు. వెంకటసామి మాత్రం కండువా సర్దుకున్నాడు.

ఆ వారంలోనే కోవిల్‌పట్టి నుంచి మినీ లారీలో నీలం రంగు రేకు తలుపు దిగింది. దాని మీద పసుపు అక్షరాల్లో 'పొన్నమ్మాళ్ ఉభయం'. ఊళ్ళో ఆడవాళ్ళు పనిగట్టుకుని వచ్చి చూసిపోయారు. నవ్వినవాళ్ళు కొందరే. రెండు రోజులు ఓర్చుకున్న వెంకటసామి మూడో రోజు నల్లటి నీళ్ళ ట్యాంకు తెచ్చి మరుగుదొడ్డి కప్పు మీదికి ఎక్కించాడు.

"తలుపు ఉంటే చాలునా? నీళ్ళు వద్దా?" అన్నాడు సంగవితో. తర్వాత ట్యాంకు మీది తన పేరు కేసి మెడ ఎత్తి చూసుకుంటూ, "అక్క పేరు కింద ఉండాది. నాది పైన," అన్నాడు.

మర్నాడు భోజనాలయ్యాక సంగవి వాకిట్లో నిలబడింది. ఆడపిల్లలు చేతులు కడుక్కుని అలవాటుగా దారి దాకా నడిచారు. అక్కడ ఆగి గుసగుసలాడుకున్నారు. అభినయ ఒక్కతే వెనక్కి తిరిగి బడి వెనక్కి పరిగెత్తింది. గడియ చప్పుడు, నీళ్ళ చప్పుడు వినిపించాయి. కాసేపటికి తడి చేతులు పావడాకు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది. మిగతావాళ్ళు ఆమె వైపు, తలుపు వైపు చూశారు. తర్వాత తలుపు ముందు వరసలో నిలబడ్డారు.

పై ఆఫీసు వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. అభినయ ఇంకా తడుముకుంటూనే చదువుతోంది. ఒక మాట దగ్గర ఆగిపోయి టీచరు వైపు చూసింది. సంగవి అందించలేదు.

"తొందరేం లేదు. సాయంత్రం దాకా ఉన్నాం కదా," అంది.

అభినయ వేలు ఆ మాట మొదటికి జరిపి మళ్ళీ మొదలుపెట్టింది.