మోసిన వీపు

పొద్దుటినుంచీ నడుము లోతు నీళ్ళలో వల లాగుతున్నాడు పెద్దింటయ్య. నాలుగు చిన్న పరికి చేపలు తప్ప పడలేదు. ఒడ్డునుంచి పంచాయతీ ప్రెసిడెంటు వెంకట్రాజు కేకేశాడు.

“వల ఒదిలేసి రావయ్యా! జడ్జిగారు ఏలూరునుంచి వచ్చారు. కొల్లేట్లో కొంగల్ని చూస్తారంట, నీ దోనే కావాలన్నారు. నీ కొడుకు సంగతి కూడా అడుక్కోవచ్చు.”

ఆ చివరిమాటకే వల ఒదిలేశాడు ముసలివాడు. కొడుకు గంగరాజుకి ఏడేళ్ళ జైలు.

జడ్జి సత్యనారాయణమూర్తి ఒకప్పుడు ప్లీడరు, నాయకుడు. పందొమ్మిదివందల యాభైరెండు ఎన్నికల్లో ఈ దోనెలోనే లంకలన్నీ తిరిగాడు. అడుసువల్ల దోనె ఒడ్డుదాకా రాదు. ఖద్దరు పంచె మాయకుండా పెద్దింటయ్యే ఆయన్ని వీపున మోసి దించేవాడు. “కొల్లేరు మీది! చేపల కంట్రాక్టరు అడ్డంగా కట్టిన వెదురుదడులు పీకెయ్యండి. కేసు పెడితే నిజం ఒప్పుకోండి, వెనక నేనున్నాను,” అని ఆ వీపుమీదినుంచే ఉపన్యాసమిచ్చాడు. గెలిచాడు, మంత్రయ్యాడు, ఆ తర్వాత హైకోర్టు జడ్జీ అయ్యాడు.

ఆ మాటే పట్టుకుని ఏళ్ళ తర్వాత గంగరాజు దడులు పీకాడు. తోపులాటలో కాపలావాడి కన్ను పోయింది. కోర్టులో అడిగితే, “ఆయ్, నేనేనండి” అన్నాడు. వెర్రివాడు, నాయకుడి మాట కోర్టులోనూ చెల్లుతుందనుకున్నాడు. అప్పీలు ఈ జడ్జిగారి దగ్గరికే వెళ్ళిందని తెలిసి లంకంతా కొబ్బరికాయలు కొట్టింది. ఆయన శిక్ష ఖాయం చేశాడు.

దోనె నీళ్ళమధ్యకి వచ్చాక పెద్దింటయ్య గడకర్ర ఆపాడు.

“బాబుగారండీ, మావోడు తవరు సెప్పిందే సేశాడండి.”

“మీటింగు వేరు, చట్టం వేరు,” కొంగలమీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు సత్యనారాయణమూర్తి. “అసలు సరైన సాక్ష్యమే లేదు. నీ కొడుకు ఒప్పుకోకపోతే కేసు కొట్టేసేవాణ్ణి.”

“ఒప్పుకోమన్నది తవరేనండి.”

“అన్నానా?” జడ్జి హాయిగా నవ్వాడు. “ఎన్ని ఊళ్ళలో ఎన్ని అన్నానో! అదిగో, ఆ సంచిమూతి పక్షిని మీరేమంటారు?”

 ముసలివాడు గడ వేసి దోనెని వెనక్కి తిప్పాడు.

ఒడ్డున దండలతో జనం. వాళ్ళ ముందు అతని భార్య అచ్చమ్మ, మొహమంతా ఆశ. దోనె అడుసులో ఆగింది. పెద్దింటయ్య దిగి, అలవాటుకొద్దీ వంగాడు. భుజంమీద జడ్జిగారి మెత్తని చెయ్యి పడింది. కొడుకు శిక్షమీద ఆ చెయ్యే కదా సంతకం పెట్టింది! అతను నిటారుగా లేచి పక్కకి తప్పుకున్నాడు.

“నడిచి రండి బాబుగారూ. మోకాలిదాకేనండి.”

“ఒళ్ళు కొవ్విందా!” వెంకట్రాజు అరిచాడు. “రేపు ఈ దోనె ఉండదు నీకు!”

“ఆయ్, తీసుకెళ్ళండి.”

అచ్చమ్మ ఎదురొచ్చింది. “ఏవన్నారు? మనోణ్ణి ఒదిలేత్తారంటా?”

పెద్దింటయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమె నేలమీద కూలబడింది.

జడ్జి ఒక కాలు అడుసులో పెట్టబోయి తీసేసుకున్నాడు. దోనె ఒరిగింది. “ఎవరైనా దిగండ్రా!” వెంకట్రాజు గొంతు చించుకున్నాడు. దండలు పట్టుకున్నవాళ్ళు అచ్చమ్మ వంక చూశారు. ఒక్కడూ దిగలేదు.