తెల్లపొట్ట పిట్ట

మా జిల్లా పక్షుల పుస్తకంలో తెల్లపొట్ట స్విఫ్టు అనే పిట్ట పేరు కింద ఒక్క వరుసే ఉంటుంది: విశాఖ పోర్టు, ఒక్కసారి, చూసినవారు జిలానీ బాషా. ఆ బాషాను నేనే. పోర్టు గోదాములో గుమస్తాను. పందొమ్మిదేళ్లుగా నా గొప్పంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది.

ఎక్కడో కొండల్లో తిరగాల్సిన పిట్ట గాలివాటున ఇటు కొట్టుకొచ్చిందని అప్పట్లో పక్షుల సంగతి తెలిసిన పెద్దలు తేల్చారు. మళ్లీ వస్తుందేమోనని రోజూ డ్యూటీకి వెళ్తూ తలెత్తి చూడటం, మెడనొప్పి తెచ్చుకోవడం, ఇదీ నా బతుకు. గేటు దగ్గర కలాసీ మేస్త్రీ గవర్రాజు ఆటపట్టించని రోజు లేదు.

"ఏటి బావా, మీ సుట్టం వచ్చినాదా?"

"నేదు" అని వాడి యాసలోనే విసుక్కునేవాణ్ని.

మొన్న సోమవారం గోదాములోనే దొరికింది. అల్యూమినా పొడి ఒలికిన మూల, నల్లరెక్కలు చాపుకుని నేలమీద పడి ఉంది. ఈ జాతి పిట్టలు నేలమీంచి లేవడం కష్టం. చేతుల్లోకి తీసుకుంటే పొట్టంతా తెలుపు. గవర్రాజును కేకేశాను. వాడు పరిగెత్తుకొచ్చేలోగా ఆ తెలుపు పొడిపొడిగా నా అరచేతికి అంటింది. రుమాలుతో తుడిచాను. లోపల నల్లపొట్టే. మా రేకుల కింద గూళ్లు కట్టుకునే మామూలు స్విఫ్టు.

ఆనాడు నేను చూసిందీ ఈ గోదాము తలుపులోంచి ఎగిరొచ్చిన పిట్టనే, దానికీ ఈ పొడే అంటి ఉంటుంది. ఇంక చెప్పడానికేముంది? బయటికి తెచ్చి చేతిమీంచి ఎగరేశాను. అది పోయింది.

"పుస్తకంలోంచి ఆ వరుస తీసేయమని రాస్తాను" అన్నాను.

గవర్రాజు ముఖం మాడిపోయింది. "ఎందుకు బావా? మనిద్దరికే కదా తెల్సు. ఈ సుట్టుపక్కల ఎవులూ సూడని పిట్టని మా బావ సూసినాడని మా అల్లుడికి కూడా సెప్పీసినాను."

పందొమ్మిదేళ్లు ఎగతాళి చేసినవాడు! నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. అయినా ఆ సాయంత్రమే పుస్తకం వేసేవాళ్లకు రాసి పంపాను. తప్పని తెలిశాక ఎలా ఊరుకోను? మర్నాడే జవాబొచ్చింది. ధన్యవాదాలు, తొలగించాం.

ఇవాళ గేటు దగ్గర తల దించుకునే నడిచాను. మెడ మాత్రం ఎప్పటిలాగే లాగుతోంది. గవర్రాజు నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. వాడే పైకి చూస్తున్నాడు.

"బావా, అదేటి? పొట్ట తెల్లగుంది."

తలెత్తాను. "మామూలుదే. పొడి అంటుకుంది."

"సరిగ్గా సూడు" అన్నాడు, చెయ్యి వదలకుండా.