జాలీ వెనక నల్లగుడ్డ

అద్దంలో రోడ్డు కనిపించడం లేదు. అంతా పొగే.

చివరి మలుపు దాటి ట్రాక్ మీద తిన్నటి దారిలో పడ్డాను. ఈ బండికి ఇంజను ముందు ఉండదు, డ్రైవరు వీపు వెనకే ఉంటుంది. మధ్యన ఒక పల్చటి గోడ. ఆ గోడ ఇప్పుడు ఇస్త్రీపెట్టెలా నా వెన్నుకి తగులుతోంది. మీటర్ల వైపు చూశాను. నీళ్ళ వేడి మామూలుగా ఉంది. ఆయిలూ మామూలే. మీటర్లన్నీ అంతా క్షేమమే అంటున్నాయి. ముక్కుకి మాత్రం కాలుతున్న ప్లాస్టిక్ కంపు కొడుతోంది.

ఇంజను ఆపేశాను. ఇంజనుకి పెట్రోలు తోడే పంపు స్విచ్చి కట్టేశాను. పక్కకి దింపితే ఎండుగడ్డి అంటుకుంటుంది. అందుకని ఉన్న ఊపు మీదే మా షెడ్డు ముందుకి దొర్లించుకొచ్చి, బండి ఆగీ ఆగకముందే బెల్టు ఊడదీసుకుని దూకాను.

అప్పుడు చూశాను దాని వెనక భాగం. నాలుగు గుండ్రటి లైట్లు, ఆ లైట్ల మధ్య ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లటి జాలీ. ఆ జాలీ కన్నాల్లోంచి మంట బయటికి తొంగి చూస్తోంది.

మామయ్య మంటలార్పే సిలిండరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మా అమ్మకి తమ్ముడు. మా నాన్న పెట్టిన ఈ కార్ల కంపెనీలో ఏ ఇంజను బిగించినా ఆయన చేతులే బిగించాలి. తెల్లపొడి కొట్టి మంట చల్లార్చాక గానీ నావైపు చూడలేదు.

"ఒంటికేం కాలేదుగా తల్లీ?"

"లేదు మామయ్యా."

"అయితే ఇక తిట్లు తినడానికి సిద్ధంగా ఉండు. అదిగో, గీతల దొర వస్తున్నాడు."

గీతల దొర అంటే మా అన్నయ్య. కాగితం మీద గీసేదీ, మట్టితో నమూనా చెక్కేదీ వాడే. ఈ ఎర్ర బండి వెనక వంపులన్నీ వాడి చేతివే. వాడు నన్ను చూడలేదు. తిన్నగా బండి వెనక్కి వెళ్ళి, కరిగి వేలాడుతున్న బంపరు ముందు కూలబడ్డాడు.

"దీన్ని ఏం చేశావే? నాన్న ఒక్క రౌండు చాలన్నాడు. నీ సరదా కోసం మూడు కొట్టావు!"

"ఆ సరదా కోసమేగా ఎవడైనా ఈ బండి కొనేది? ఒక్క రౌండు తిప్పి గుడ్డ కప్పి దాచుకోవడానికా?"

"నోర్ముయ్! నువ్వు దాటి వెళ్ళిన వాడికి జన్మంతా గుర్తుండేది ఈ వెనక భాగమే. దాన్ని బొగ్గు చేశావు."

"నడిపేవాడికి మాత్రం అది ఎప్పుడూ కనపడదురా. వాడికి కావలసింది వేరే."

అవును, మూడు రౌండ్లు కొట్టాను. బరువంతా నడుము వెనకే ఉండటంతో ఈ బండి మలుపులో ఎదురు మాట్లాడదు. స్టీరింగు కాస్త తిప్పితే చాలు, ముక్కు లోపలికి దూసుకుపోతుంది. వెనక భాగం ఒక్క క్షణం ఆలోచించి, ఆ తర్వాత బుద్ధిగా వెంట వస్తుంది. ఆ క్షణంలో యాక్సిలరేటరు మీద నుంచి భయపడి కాలు తీశావా, గిర్రున తిప్పి అవతల పారేస్తుంది. తీయకుండా నమ్మితే నీ ఎముకలకే చక్రాలు కట్టినట్టు ఉంటుంది. ఒకసారి అది తెలిశాక ఒక్క రౌండుతో ఎవరు ఆగుతారు?

నాన్న నింపాదిగా వచ్చాడు. ఆయన పక్కనే పెద్ద కార్ల కంపెనీ నుంచి వచ్చిన మేడమ్. మా బండిని వాళ్ళ ఫ్యాక్టరీలో తయారు చెయ్యాలా వద్దా అని తేల్చేది ఆవిడే. ఇంత గొడవలోనూ నాన్న చొక్కా మడత నలగలేదు.

"ఏమైంది?" అంది మేడమ్.

"ఏం లేదు మేడమ్, డ్రైవరు తప్పు" అన్నాడు నాన్న. "ఇంజనుని చావగొట్టింది. ఆడపిల్ల ముచ్చట పడిందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇవాళ్టి నుంచి అది నా బండి ముట్టుకోదు. మీ దగ్గరికి వేరే డ్రైవరు వస్తాడు."

ఒళ్ళు మండిపోయింది. ఈ బండి రోడ్డెక్కే దాకా దాన్ని మచ్చిక చేసే పని నాది. స్ప్రింగు ఎంత బిగువుండాలో, స్టీరింగు ఎంత బరువుండాలో నా నడుము చెబితేనే మామయ్య బిగించాడు. ఇప్పుడు ఈ మనిషి ఒక్క ముక్కలో నన్ను దించేశాడు. పైగా ఆ మాట మేడమ్ ముందు. బండి తగలబెట్టిన డ్రైవరని పేరు పడితే నాకు ఏ కంపెనీ తలుపూ తెరుచుకోదు.

"నాన్నా, ఇంజను వేడెక్కలేదు. మీటర్లు..."

"ఎదురు చెప్పకు. హెల్మెట్ అక్కడ పెట్టి వెళ్ళు."

ఆయన మేడమ్‌ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాడు. అన్నయ్యా మామయ్యా వెనకే వెళ్ళారు. హెల్మెట్ నేను పెట్టలేదు.

బండి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. కరిగిన బంపరు సందులోంచి చెయ్యి పోనిచ్చి జాలీని లోపలి వైపు నుంచి తడిమాను. వేళ్ళకి ఏదో పొరలా తగిలింది. గట్టిగా లాగాను. నల్లటి మందపాటి ఫెల్టు గుడ్డ, సగం కాలి అట్టకట్టింది.

అదేమిటో నాకు తెలుసు, ఇక్కడ అందరికీ తెలుసు. జాలీలోంచి చూస్తే లోపలి సైలెన్సరు గొట్టాలూ క్లాంపులూ కనిపిస్తాయి. అది ఫొటోలో బాగుండదు. అందుకని ఫొటోలు తీసేటప్పుడు జాలీ వెనక ఈ గుడ్డ అతికిస్తారు. చూడ్డానికి లోతైన చీకటిలా ఉంటుంది. ఫొటో అవగానే గుడ్డ తీసేయాలి. ఎందుకంటే ఇంజను వేడిగాలి బయటికి పోవడానికి ఉన్నది ఆ జాలీ ఒక్కటే. అది మూస్తే వేడంతా లోపలే తిరిగి, చివరికి ఆ గుడ్డే అంటుకుంటుంది. మీటర్లు నీళ్ళ వేడీ ఆయిలు వేడీ చూపిస్తాయి, గుడ్డ వేడి చూపించవు.

ఎవరైనా తీయడం మర్చిపోయారా? నిన్న సాయంత్రం ఇదే బండిని వెనక మూత తెరిచి నేనే తుడిచాను. గుడ్డ లేదు.

షెడ్డు లోపల రెండో బండి ఉంది, బూడిద రంగుది. దానికి ఇంతవరకు ఒక్క ఫొటో కూడా తీయలేదు. వెళ్ళి మూత ఎత్తాను. జాలీ వెనక నల్లగుడ్డ, కొత్తది, నాలుగు అంచులూ శుభ్రంగా అతికించి ఉంది.

ఇది మరుపు కాదు.

షెడ్డు తాళాలు ముగ్గురి దగ్గరే ఉంటాయి. అన్నయ్యకి ఆ గొట్టాలు కళ్ళలో నలుసులు. వాటిని లోపలికి జరపమని మామయ్యతో పోట్లాడని రోజు లేదు. మామయ్యకి అన్నయ్యంటే పడదు. 'వీడి అందం ఏదో ఒకరోజు బండిని తగలేస్తుంది' అని ఆయన షెడ్డంతా వినబడేలా అన్న మనిషి, ఆ మాట నిజం చేసి చూపించాలనుకుని ఉండొచ్చు. ఇక నాన్న. ఈ బండి పోతే ముందు మునిగేది ఆయనే.

గుడ్డ చూపించి అడిగితే ముగ్గురూ నాకు తెలియదంటారు. నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి నేనే పెట్టానని కూడా అంటారు. అందుకని అడగదలచుకోలేదు.

రెండో బండి గుడ్డ అంచు నుంచి అంచు దాకా పీకేశాను. జాలీలోంచి వెలుతురు కనిపించేదాకా చూసి మూత వేశాను. ఆ గుడ్డనీ, కాలిన ముక్కనీ మడిచి జాకెట్టు లోపల దోపుకున్నాను. ఇప్పుడు ఆ బండికి ఏ ప్రమాదమూ లేదు. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

ఆఫీసు గది తలుపు తోశాను.

"తప్పు నాదే నాన్నా" అన్నాను.

అన్నయ్య నోరు తెరిచాడు. నా నోట ఆ మాట వాడు పుట్టాక వినలేదు.

"బండిలో ఏ లోపమూ లేదని మేడమ్‌కి నమ్మకం కుదరాలిగా? రెండోది సిద్ధంగా ఉంది. అన్నయ్యని నడపమనండి. మేడమ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని పది రౌండ్లు, ఆపకుండా."

"నేను కూర్చుంటాను" అంది మేడమ్ వెంటనే, నాన్న ఏదో అనబోయే లోపే.

"ఇప్పటికి బుద్ధొచ్చింది" అన్నాడు అన్నయ్య. "చూస్తూ ఉండు, బండి ఎలా నడపాలో నేర్పిస్తా."

"మలుపులో కాలు తీయకు. నేర్పేవాడివి గడ్డిలో తేలతావు."

వాడు బయటికి నడిచాడు. నేను వాడి చేతులే చూస్తున్నాను. హెల్మెట్ తగిలించుకున్నాడు, సీట్లో జారగిలబడ్డాడు, బెల్టు బిగించాడు. ఎక్కడా తడబాటు లేదు. వీపు వెనక మంట ఉందని తెలిసినవాడు బెల్టు అంత బిగువుగా లాక్కోడు. వీడు కాదు.

మేడమ్ పక్క సీట్లో కూర్చుంది. మామయ్య నాలుగు టైర్లూ తన్ని చూసి, వెనక మూత మీద అరచేత్తో చరిచాడు.

"పోనీరా. ఒక్క గీత పడినా నీ గీతలు నేను చెరిపేస్తా."

అంత తేలిగ్గా పంపించాడు. ఈయనా కాదు. అన్నయ్య ఇంజను స్టార్ట్ చేశాడు. షెడ్డు రేకులు అదిరాయి. నేను నాన్న వైపు తిరిగాను.

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒక్క రౌండు చాలు!" అని అరిచాడు.

"పది!" అన్నాను నేను.

"ఒక్కటి చాలంటున్నాగా!"

అన్నయ్య వినిపించుకోలేదు. బండి కదిలింది. నాన్న పరిగెత్తాడు. నాకు ఊహ తెలిశాక ఆయన పరిగెత్తడం నేను చూడలేదు. వెళ్ళి బండి ముక్కుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపాడు. అన్నయ్య బ్రేకు మీద నిలబడితే బండి ఆయన మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది.

"దిగండి! ఈ బండి కదలకూడదు. దిగరా! మేడమ్, దిగండి!"

ఇంజను ఆగింది. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఎందుకు నాన్నా? తప్పు డ్రైవరుదైతే ఈ బండికేం? డ్రైవరు మారాడుగా."

"రంగు... రంగు ఇంకా ఆరలేదు."

"బావా, ఆ రంగు వేసి ఎండాకాలం గడిచిపోయింది" అన్నాడు మామయ్య.

నాన్న నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. గొంతు బాగా తగ్గించాడు. "ఒక్క రౌండుకి ఏమీ కాదే. నువ్వు చెప్పిన మాట వినుంటే ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు నోరు మూసుకో, నీ సీటు నీకు తిరిగి ఇచ్చేస్తా."

చెయ్యి విదిలించుకున్నాను. జాకెట్టులోంచి గుడ్డ తీసి బండి ముక్కు మీద పరిచాను. దాని పక్కనే కాలిన ముక్క పడేశాను.

"కొత్తది ఈ బండిలోది. మీరు ఎక్కకముందే తీసేశాను మేడమ్, భయపడకండి. కాలింది నా వీపు వెనకది. జాలీ వెనక అతికించారు, వేడిగాలి బయటికి పోకుండా."

మేడమ్ ఆ గుడ్డని వేళ్ళతో పట్టి చూసింది. ఆవిడ చూపు ఎర్ర బండి వెనక మీదికీ, మళ్ళీ గుడ్డ మీదికీ తిరిగింది.

"ఫొటోల్లో ఆ వెనక నలుపు చాలా బాగుందనీ, బండి అచ్చం అలాగే ఉంటేనే మాట్లాడదామనీ నేనే చెప్పాను ఫోన్లో" అంది. "ఇది చేసింది ఎవరు?"

అన్నయ్య హెల్మెట్ తీశాడు. వాడి చూపు గుడ్డ మీద నుంచి నాన్న మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. ఆ ఫోను ఎవరికొచ్చిందో వాడికీ తెలుసు. పెదవి తడుపుకున్నాడు.

"నేనే" అన్నాడు.

"ఒరేయ్!" అన్నాడు మామయ్య.

"నేనే పెట్టాను. గీసేవాణ్ణి నేను. నాన్నకి తెలియదు."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కాదనలేదు. పైగా నిట్టూర్చాడు కూడా.

"కుర్రాడు మేడమ్. అందం పిచ్చి. వాణ్ణి ఈ పని నుంచి తీసేస్తాను, మన ఒప్పందానికి అడ్డం రానివ్వను."

అన్నయ్య తల వాల్చేశాడు. ఇందాక నన్ను దించినట్టే ఇప్పుడు వీణ్ణి దించుతున్నాడు. కూతురి వంతు అయిపోయింది, కొడుకు వంతు వచ్చింది. చొక్కా మడత మాత్రం ఇప్పటికీ నలగలేదు.

"నువ్వేం చెబుతావు?" అని మేడమ్ నన్నడిగింది. "నడిపింది నువ్వు."

నాన్న కళ్ళజోడు పెట్టుకుని నావైపు చూశాడు. 'ఇంటి సంగతి ఇంట్లో' అని ఆయన కళ్ళు హెచ్చరిస్తూనే ఉన్నాయి.

"మా అన్నయ్య ఆ సీట్లో బెల్టు బిగించుకుని కూర్చున్నాడు. మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మా మామయ్య పోనీమన్నాడు. వాళ్ళకి తెలియదు" అన్నాను. "గుడ్డ పెట్టింది మా నాన్న."