గోతిదున్న తోకకి అర టికెట్

ఖిదిర్‌పూర్ క్వార్టర్సులో గోతిదున్నని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చూడలేదని ఒప్పుకున్నవాళ్లూ లేరు.

దున్నంత ఒళ్లు, రెండడుగుల గొట్టంలో దూరగల ఒడుపు. చెవులు నాలుగు. రెండు వినడానికి, రెండు ముక్కుకి మూతలు పెట్టుకోవడానికి. తల రేవు దగ్గర ఉంటే తోక ఊరికి ఆ చివర ధాపా చెత్తకుప్పల దగ్గర ఉండేది. తోక మీద ఈగ వాలిన సంగతి తలకి తెలిసేసరికి దుర్గాపూజ వచ్చేసేది. ఇలిష్ చేప ముళ్లు ఏరి దువ్వెన చేసుకుని, ఆదివారం ఆదివారం తల దువ్వుకునేది. శ్రావణంలో వీధులు మునిగితే జనం వానని తిట్టేవారు గానీ, అసలు సంగతి వేరు. దున్న ఆ రోజు తలంటు పోసుకుంది.

ఇవి పిల్లల కోసం పుట్టిన కథలు కావు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి, ఈ ఊరి మురుగు గోతుల్లో దిగుతున్న మనుషులు పనిలో చెప్పుకునేవి. ఒకడు నడుముకి తాడు కట్టుకుని దిగుతాడు. పైన తాడు పట్టుకున్నవాడు కాసేపటికొకసారి గోతిలోకి వంగి అడుగుతాడు. "దున్నేటి సేస్తంది?" కిందవాడు ఒక అబద్ధం చెప్పాలి. అది అప్పటికప్పుడు అల్లినదై ఉండాలి. గోతిలో గాలి చెడితే ముందు ముక్కు చచ్చిపోతుంది, కంపు తెలియదు. ఆ తర్వాత తెలివి మందగిస్తుంది. బాగున్నావా అని అడిగితే సగం స్పృహ తప్పినవాడు కూడా ఊఁ అంటాడు. కొత్త అబద్ధం అల్లాలంటే మాత్రం బుర్ర పని చేస్తూ ఉండాలి. అందుకని పది లెక్కపెట్టేలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నిజమైనా, పాత అబద్ధమైనా, మరో మాట లేకుండా తాడు లాగేయాలి.

ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. బైరాగి ముప్పై ఏళ్లుగా తాడు పడుతున్నాడు. విన్న అబద్ధం ఒక్కటీ మరిచిపోడు. ముప్పై ఏళ్లలో ఒక్క మనిషినీ గోతికి వదిలిపెట్టలేదు.

1986 జూలైలో, రేవు రోడ్డు గోతిలో, మల్లేశుని వదిలిపెట్టాడు.

మల్లేశు అన్న గవరయ్య మాస్టారు. క్వార్టర్సు చివర తెలుగు బడిలో రెండో తరగతి చెబుతాడు. వాళ్ల తండ్రీ గోతుల్లో దిగినవాడే. ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణే చదివించగలిగాడు. క్వార్టర్సులో ఎవరికి అర్జీ కావలసినా గవరయ్యే రాయాలి. పెన్షను రాకపోతే ఆయన, కుళాయి పాడైతే ఆయన. ఒక మాట రాసే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. రాశాక కొట్టెయ్యడం ఆయనకి ఇష్టం ఉండదు.

తమ్ముడు పోయిన తొమ్మిదో రోజు పొద్దున్న, మరదలు సన్యాసమ్మ తెల్ల కాగితాలు రెండు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"రాయండి బావగారూ. బైరాగి తాగున్నాడని రాయండి. తాడు వొగ్గీసి నవ్వుతన్నాడని రాయండి. ఆడి ఉజ్జోగం పోవాల."

"తాగి ఉన్నాడని ఎవరు చూశారమ్మా?"

"నవ్వు ఇన్నోల్లు ఉన్నారు. అవతల టీ కొట్టు బెంగాలీ దాదా కూడా ఇన్నాడు. నా మొగుడు కింద సచ్చిపోతంటే పైన ఇరగబడి నవ్వినాడట. తాగనోడు నవ్వుతాడేటి?"

గవరయ్య కాగితాలు సరిచేసి పెట్టుకున్నాడు. నవ్విన మాట నిజమే. నలుగురు చెప్పారు. ఎందుకు నవ్వాడో బైరాగిని అడిగినవాళ్లు లేరు. తొమ్మిది రోజులుగా అతనితో ఎవరూ మాట్లాడటం లేదు. కుళాయి దగ్గర అతని బిందె వరసలోంచి తీసి పక్కన పెడుతున్నారు. పదకొండో రోజు ఆదివారం. భోజనాలయ్యాక యూనియన్ గది ముందు అందరూ కూర్చుంటారు, అర్జీ చదివితే వేలిముద్రలు వేస్తారు. సోమవారం రేవు రోడ్డు గోతిలో మిగిలిన పని మళ్లీ మొదలవుతుంది. ఈసారి దిగే వంతు సోములుది. బైరాగి తాడు పడితే దిగనని అతను ఇప్పటికే చెప్పేశాడు.

"ఎల్లుండికి రాసి ఉంచుతాను. ముందు అతన్ని ఒక మాట అడగాలి" అన్నాడు గవరయ్య.

"అడగండి. నా మొగుడు ఆకరికి ఏటన్నాడో అది కూడా అడగండి. నాకు ఎవులూ సెప్పట్లేదు."

బైరాగి తన గది గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నాడు. కొత్త తాడు కాదు. పాతదాన్ని విప్పి, మళ్లీ పేనుతున్నాడు. మాస్టారిని చూసి లేవబోయాడు.

"కూచో" అని గవరయ్య ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు.

రేవులో ఓడ కూత ఒకటి వినబడి ఆగిపోయింది.

"అర్జీకి వొచ్చినారేటి మేస్టారు బావూ?"

"అర్జీలో ఏం రాయాలో తెలుసుకుందామని వచ్చాను. నువ్వు నవ్వావట."

"నవ్వినాను."

"తాగి ఉన్నావా?"

"తాడు ముట్టుకున్న రోజున సుక్క ముట్టను. మీ అయ్యకి తెలుసు. ఆయన తాడు కూడా నానే పట్టినాను." బైరాగి పీచు మీద నుంచి చూపు ఎత్తలేదు. "మల్లేశు దిగినాడు. మొదటిపాలి అడిగినాను. దున్న రిచ్చా తొక్కతందన్నాడు. సరే కొత్తదే. రెండోపాలి అడిగినాను. ఎనిమిది లెక్కెట్టినాను బావూ. లాగీబోనాను. అప్పుడు సెప్పినాడు. గొంతు మెల్లిగా ఉంది గానీ ఒక్క మాట తడబడనేదు."

"ఏం చెప్పాడు?"

"దున్నకి ఊరి మీద బెంగెట్టుకుందట. హౌరా టేసనుకి పోనాదట టికెట్టు కొనడానికి. టికెట్టు బాబు ఎంతమందని అడిగినాడట. ఒకటిన్నర అన్నాదట. ఇదేటి, ఒక్కదానివే కదా అంటే, తలకి నిండు టికెట్టు, తోకకి అర టికెట్టు. తోక తెగిపోయి కొత్తగా మొలిసింది, దానికింకా పదకొండేల్లే అన్నాదట."

బైరాగి చేతులు ఆగిపోయాయి.

"ముప్పైయేల్లలో అంత మంచి అబద్దం నాను ఇన్నేదు. నాకు నవ్వొచ్చీసింది. ఇలాటిది అల్లినోడికి బుర్ర సురుగ్గా ఉందనుకున్నాను. తాడు వొదులు సేసినాను. వెనకోల్లకి సెప్పి నవ్వించినాను కూడా. మూడోపాలి అడిగీసరికి..." అని మళ్లీ పీచు చేతిలోకి తీసుకున్నాడు.

"పదకొండేళ్లనే అన్నాడా?" అని అడిగాడు గవరయ్య.

"పదకొండే. ఎందుకు బావూ?"

"ఏం లేదు" అన్నాడు గవరయ్య. లేచి వచ్చేశాడు.

నడుస్తున్నంతసేపూ ఆయనకి ఒకటే కనబడింది, తన చేతిరాత. ముందు తొమ్మిదేళ్లని రాసుకున్నాడు. అర టికెట్ పన్నెండేళ్ల దాకా ఉంటుంది కదా, అంచు దాకా వెళితే ఇంకా బాగుంటుందని కొట్టేసి, పదకొండు చేశాడు. బడి పిల్లల కోసం తను రాసిన పుస్తకంలో కొట్టివేత అదొక్కటే.

రెండేళ్ల కిందటి సంగతి. ఆంధ్రా నుంచి రావలసిన వాచకాలు ఎప్పటిలాగే దసరా దాకా రాలేదు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవమంటే అక్షరాల దగ్గర నిలబడిపోతారు. బాంగ్లా బోర్డులు మాత్రం గడగడా చదివేస్తారు. గవరయ్య ఒక నోట్‌బుక్కు కొని, గోతిదున్న అబద్ధాలు నోటి నుంచి నోటికి పోయేవి ఇరవై ఏరి, చిన్న చిన్న వాక్యాల్లో రాశాడు. ఆ పైన చివరి రెండు తనే అల్లాడు. అంతవరకూ ఆయన ఒక్క అబద్ధమూ అల్లి ఎరగడు, అందుకని ఆ రెండింటి మీద కాస్త మురిపెం ఉండేది. పిల్లలు పుస్తకమంతా ఎత్తి రాసుకున్నారు. నవ్వుకుంటూ చదివారు. ఆ ఏడు రెండో తరగతిలో ఎవరూ తప్పలేదు.

గోతుల్లో దిగే మగవాళ్లు ఆ పుస్తకం చూడలేదు. బైరాగికి చదువు రాదు. వాళ్ల అబద్ధాలు వాళ్ల దగ్గరే ఉన్నాయనుకున్నారు.

గవరయ్య తిన్నగా తమ్ముడి గదికి వెళ్లాడు. సన్యాసమ్మ నీళ్లకి వెళ్లింది. మల్లేశు కూతురు అరుంధతి, తొమ్మిదేళ్లది, బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"టికెట్ పాఠం నాన్నకి చదివి వినిపించావా అమ్మా?"

"ఇరవై రెండోదా? రోజూ సదివించీవోడు పెదనాన్నా. వేన్నీల్లలో కాల్లెట్టుకుని ఇనీవోడు. అది మీరు అల్లినదని నాను సెప్పినాను కదా, అందుకని అదే సదవమనీవోడు. మా అన్నియ్య బుర్ర సూడు అనీవోడు." పిల్ల చేట పక్కన పెట్టింది. "తరవాత నాను సదవక్కర్లేకపోయింది. మొత్తం నోటికొచ్చీసింది నాన్నకి. కల్లు మూసుకుని సెప్పీవోడు. నిద్దట్లో కూడా ఒకపాలి సెప్పినాడు. అమ్మా నానూ ఇన్నాం."

గవరయ్య ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. చేట మళ్లీ ఆమె ముందుకి జరిపి బయటికి వచ్చాడు.

ఆ రోజూ మర్నాడూ తెల్ల కాగితాలు తెల్లగానే ఉన్నాయి. తాగాడని రాస్తే బైరాగి ఉద్యోగం పోతుంది, పుస్తకం సంగతి ఎవరికీ తెలియదు, సన్యాసమ్మకి ఒక శత్రువు దొరుకుతాడు. తనకి ఏ అడ్డూ లేని దారి అది. సోములు మాత్రం సోమవారం దిగుతాడు. అతని కొడుకూ ఆ పుస్తకమే ఎత్తి రాసుకున్నాడు. ఇంట్లో సోములు ఏ పాఠం విన్నాడో, ఏది నోటికి వచ్చిందో.

ఆదివారం భోజనాలయ్యాయి. యూనియన్ గది ముందు చాపల మీద మగవాళ్లు, గోడ పక్కన ఆడవాళ్లు కూర్చున్నారు. ఎర్ర జెండా నీడలో, అందరికీ దూరంగా, బైరాగి నిలబడ్డాడు. గవరయ్య లేచాడు. చేతిలో కాగితాలకి బదులు నోట్‌బుక్కు ఉంది.

"అర్జీ రాయలేదు. మల్లేశు ఆఖరికి చెప్పిన అబద్ధం కొత్తది కాదు. అది నేను అల్లింది. ఈ పుస్తకంలో ఉంది. మా తమ్ముడికి అది నిద్రలో కూడా వచ్చు. గోతిలో వాడికి తెలివి తప్పుతున్నప్పుడు నోరు దాన్ని చెప్పింది. బైరాగికి అది పాతదని తెలిసే దారి లేదు. తెలియకుండా చేసింది నేను."

ఆయన గొంతు బడిలో చెప్పినట్టే ఉంది.

సన్యాసమ్మ లేచి తన గదిలోకి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో అరుంధతి ఎత్తి రాసిన పుస్తకం ఉంది. దాన్ని తెచ్చి బావగారి కాళ్ల దగ్గర నేల మీద పెట్టింది. విసరలేదు.

"ఆడు మిమ్మల్ని తలుసుకునే పోనాడన్నమాట" అంది. "నాను ఇంకేటీ అడగను. మీరు మా గుమ్మంలోకి రాకండి."

ఆమె కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గవరయ్య వంగి ఆ పుస్తకం తీసుకున్నాడు. దుమ్ము తుడిచాడు.

అప్పుడు బైరాగి జెండా నీడలోంచి ముందుకి వచ్చాడు. పదకొండు రోజుల్లో నలుగురిలో అతను మాట్లాడటం అదే మొదలు.

"అంతా సదివీయండి బావూ. అందులో ఏటేటి ఉన్నాయో మాకు తెలవాల. ఉన్నవి ఇంక గోతిలో పనికిరావు."

గవరయ్య చదివాడు. ఇరవై రెండూ. ముళ్ల దువ్వెన దగ్గర ఎవరో నవ్వి, వెంటనే తల దించుకున్నారు. తలంటు దగ్గర ఇంకొకరు. చివరిది చదివేటప్పుడు ఆయన ఆగలేదు. తొందరపడలేదు. పదకొండేళ్లు అన్నచోట ఒక్క క్షణం పుస్తకం కాస్త దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు. అయ్యేసరికి ఎవరూ నవ్వడం లేదు.

సోమవారం బడికి సెలవు పెట్టి, గవరయ్య రేవు రోడ్డుకి వెళ్లాడు. గోతి మూత తీసి పక్కన పెట్టి ఉంది. సోములు నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. తాడు రెండో కొస బైరాగి చేతిలో ఉంది. సోములే ఆ కొస అతనికి ఇచ్చాడు. మాస్టారు వచ్చి గోతి అంచున నిలబడితే సోములు ఒకసారి ఆయన్ని చూసి, దిగిపోయాడు.

ట్రాము ఒకటి వెళ్లింది. బైరాగి వంగాడు.

"దున్నేటి సేస్తంది?"

కింద నీళ్ల చప్పుడు. బైరాగి పెదవులు లెక్కపెడుతున్నాయి. నాలుగు. ఐదు. తాడు మీద అతని వేళ్లు తెల్లబడ్డాయి. ఏడు.

"ఇయాల... ఇయాల పనిలోకి రాలేదు" అంది కిందనుంచి గొంతు. "బందు సేస్తంది."

"ఎవుల బందు?"

"దానికీ తెలీదట. జెండా ఏదని అడిగితే తోక ఎత్తి సూపింది. రేవు దగ్గిర ఎత్తమంటే ధాపా దగ్గిర ఎత్తినాది. పోలీసోల్లు అటు పోనారు."

గొప్ప అబద్ధం కాదు. ఎవరూ నవ్వలేదు. బైరాగి తాడు వదలలేదు. తల తిప్పి మాస్టారి వైపు చూశాడు.

"ఉందా బావూ?"

గవరయ్య ఇరవై రెండు పాఠాలూ మొదటినుంచీ గుర్తు చేసుకున్నాడు. ఒక్కటీ దాటెయ్యకుండా చూసుకున్నాడు.

"లేదు" అన్నాడు.

బైరాగి తాడు జానెడు వదిలాడు. మళ్లీ వంగి అడిగాడు.